తవ్వలేని రోడ్డు

ఛత్తీస్‌గఢ్ సుక్మా జిల్లా దోర్నపాల్‌లో సైకిలెక్కినవాడి ముందు రెండు దార్లుంటాయి. ఒకటి 30వ నంబరు జాతీయ రహదారి. ఉత్తరాన సుక్మా మీదుగా జగదల్‌పూర్‌కు, దక్షిణాన ఎర్రబోరు, ఇంజరం, కోంట దాటి చింతూరు, భద్రాచలం వైపుకు పోతుంది. బెజవాడ పక్కన ఇబ్రహీంపట్నం దాకా వచ్చేది ఇదే రోడ్డు. రెండోది ఊళ్లోంచి పడమటికి తిరిగి పోలంపల్లి, చింతగుఫా, బుర్కాపాల్, చింతల్‌నార్ మీదుగా అడవిలో సుమారు 56 కిలోమీటర్లు సాగి జగర్‌గుండ చేరుతుంది. చలికాలం తెల్లవారుజామున సైకిలు మీద ఏ దారి క్షేమం? పదిహేనేళ్ల కిందట ఈ మాట అడిగితే రెండో దారి ఊసెత్తేవాళ్లే ఉండేవారు కాదు. ఇప్పుడు నన్నడిగితే మాత్రం రెండోదే అంటాను. ఎందుకంటానో ఆ రోడ్డు పనితనంలోనే ఉంది.

జగర్‌గుండ ఒకప్పుడు పెద్ద సంత ఊరు. చింతపండు, ఇప్పపువ్వు బేరాలకు చుట్టుపక్కల పేరున్న ఊరు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ముళ్లకంచెల మధ్య చిక్కుకుపోయింది. రేషను సరుకులు దోర్నపాల్ నుంచి సాయుధ బలగాల కాపలాలో కొన్ని నెలలకొకసారి వెళ్లేవి. 2010 ఏప్రిల్ 6న చింతల్‌నార్ ప్రాంతంలో, తాడ్‌మెట్ల దగ్గర, మావోయిస్టుల దాడిలో 76 మంది భద్రతా సిబ్బంది చనిపోయారు. 2017 మార్చి 11న భెజ్జి దగ్గర మరో రోడ్డు పనికి కాపలా కాస్తున్న 12 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు, అదే ఏడాది ఏప్రిల్ 24న బుర్కాపాల్ దగ్గర, ఈ రోడ్డు పనికి కాపలాగా ఉన్న మరో 25 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. కిలోమీటరుకు ఇంత మరణం లెక్క తేలే రోడ్లు మన దేశంలో ఎన్నో ఉండవు. దీని పనితనాన్ని మెచ్చుకునే ముందు ఆ చావులను తలచుకోవటం ధర్మం.

ఇక్కడ సిమెంటు రోడ్డు ఎందుకు వచ్చిందంటే, తారు రోడ్డును గునపంతో తవ్వచ్చు గనక. రాత్రికి రాత్రి గొయ్యి తీసి, మందుపాతర పెట్టి, పెళ్లగించిన తారు పెచ్చులు మళ్లీ సర్ది, కాస్త దుమ్ము చల్లితే పైన పోయేవాడికి తేడా తెలియదు. సిమెంటు పలకను అలా తవ్వటం కుదరదు. పగలగొట్టాలంటే కంప్రెసరు డ్రిల్లు కావాలి, దాని మోత అడవంతా వినపడుతుంది. ఎలాగోలా పగలగొట్టినా అతుకు వెయ్యటం ఇంకా కష్టం. కొత్త సిమెంటు రంగు పాతదానితో కలవదు. రోజూ ఆ దారిన పోయే ఎవరి కంటికైనా అది ఇట్టే పడుతుంది. అందుకని సుక్మా అడవుల్లో తారు మాని సిమెంటు పట్టుకున్నారు. ఇలాంటి మావోయిస్టు ప్రభావిత జిల్లాల రోడ్ల కోసం కేంద్రం 2009లో ఒక పథకం, 2016 డిసెంబరులో 44 జిల్లాలకు 5,412 కిలోమీటర్ల లెక్కన మరో పథకం మంజూరు చేసింది. సైకిలును తలచుకుని వేసిన పథకాలు కావవి. లెక్కంతా మందుపాతర చుట్టూ, బలగాల రాకపోకల చుట్టూ తిరిగింది. కాని ఆ లెక్కకు తేలిన జవాబు, చలికాలం సైకిలు తొక్కేవాడి అవసరానికి దాదాపు అచ్చంగా సరిపోయింది. నన్ను ఆశ్చర్యపరిచేది ఇదే.

సిమెంటు రోడ్డు పని దగ్గరుండి చూడవలసిన పని. ముందు నేల చదును చేసి, నీళ్లు చల్లి, రోలరుతో తొక్కిస్తారు. దాని మీద మొరం, కంకర కలిసిన పొర. మళ్లీ తొక్కుడు. ఈ దశలో కక్కుర్తి పడితే పైన ఎంత మంచి కాంక్రీటు పోసినా రెండు వానాకాలాలు తిరిగేసరికి పలక కింద ఖాళీ ఏర్పడుతుంది, బరువు లారీ చక్రం పడగానే ఫెళ్లున చీలుతుంది. తొక్కించిన పొర మీద ప్లాస్టిక్ షీటు పరుస్తారు. కాంక్రీటులో నీళ్లు కిందికి ఇంకిపోకుండా అనుకుంటాం. ఆ పని అది చేస్తుంది. దానికన్నా ముఖ్యమైన పని ఇంకొకటుంది. పలక ఎండకు పెరుగుతుంది, చలికి కుంచించుకుంటుంది. అలా కదిలేటప్పుడు కింద కంకరను కరుచుకోకుండా జారటానికి ఆ షీటు వీలిస్తుంది. జారలేని పలక తనను తానే చీల్చుకుంటుంది.

రెండు పక్కలా ఇనుప చానళ్లు నిలిపి, మధ్యలో కాంక్రీటు పోసి, నీడిల్ వైబ్రేటరు దించుతారు. గాలి బుడగలు పైకి రావటం ఆగగానే తీసెయ్యాలి. అక్కడే ఉంచితే కంకర అడుక్కు, సిమెంటు నీళ్లు పైకి చేరతాయి. అలాంటి చోట రోడ్డు పైపొర ఏడాదికే పొడిపొడిగా రాలుతుంది. తర్వాత అడ్డబద్ద లాగి వాటం చూస్తారు. నడిమధ్య కాస్త ఎత్తు, అంచులకు వాలు, మామూలుగా మీటరుకు రెండు సెంటీమీటర్లు. తక్కువైతే నీళ్లు నిలుస్తాయి. ఎక్కువైతే వెనక క్యారియరు మీద బియ్యం మూట ఉన్న సైకిలు తనంతట తాను అంచుకు లాగుతుంది.

అన్నిటిలోకీ నాకు ఇష్టమైన పని చీపురుది. పోసిన కాంక్రీటు మీద నీటి మెరుపు పోయి, ఇంకా గట్టిపడని ఆ కొద్ది వ్యవధిలో, పొడుగు కర్రకు బిగించిన గట్టి చీపురును ఒక అంచు నుంచి ఇంకో అంచుకు అడ్డంగా లాగుతారు. తొందరపడితే చీపురు సిమెంటును పెళ్లగించుకొస్తుంది, గీతలు వంకరటింకరగా పడతాయి. ఆలస్యమైతే గీతే పడదు. లాగిన చోట మళ్లీ లాగకూడదు. మధ్యలో ఆగకూడదు. పని తెలిసిన మేస్త్రీ గడియారం చూడడు, పలకను వేలితో తాకి చూసి చీపురు అందుకుంటాడు. ఆ గీతల లోతు ఒకటి రెండు మిల్లీమీటర్లు మించదు. డిసెంబరులో మంచు పడి రోడ్డంతా తడిసిన వేళ, సన్నటి సైకిలు టైరు జారకుండా నిలబడేది ఆ మిల్లీమీటరు మీదే. నీళ్లు గీతల్లోకి దిగిపోతాయి, గీతల మధ్య మిట్టలను రబ్బరు పట్టుకుంటుంది. నున్నగా అరిగిపోయిన తారు మీద తడి ఆకు పడి ఉంటే బ్రేకు వేసినవాడి సంగతి చెప్పనక్కర్లేదు.

చీపురు తర్వాత రంపం. కాంక్రీటు గట్టిపడుతూ కుంచించుకునేటప్పుడు ఎక్కడో ఒకచోట చీలక మానదు. ఆ చీలికను తిన్నగా, తాము అనుకున్న చోట పడేలా చేసుకోవటానికి, పోసిన ఒక రోజు లోపలే, వజ్రపు పొడి పొదిగిన బ్లేడుతో అడ్డంగా కోత పెడతారు. పలక మందంలో మూడో వంతో నాలుగో వంతో లోతున, నాలుగైదు మీటర్లకు ఒకటి. సరైన గంట దాటితే పలక తనకు నచ్చిన చోట చీలిపోయి ఉంటుంది. ఈ రోడ్డు మీద పని చుట్టూ తుపాకులు నిలబడి ఉండేవి. అటువంటి చోట కూడా కోత వేళ నిర్ణయించేది కాంక్రీటే. అంత భయం మధ్య పనిచేసిన కూలీలు, మేస్త్రీలు, ఆపరేటర్లు కొన్నిచోట్ల కోతలను దారం పట్టినంత తిన్నగా దించారు. అన్ని పలకలూ అలా లేవు. అంచులు చిట్లినవి, మధ్యలో బీట పడ్డవి ఉన్నాయి. బాగా కుదిరిన పలకను చూసినప్పుడు మాత్రం, అది ఎలాంటి రోజున పోసి ఉంటారో అన్న ఆలోచన నన్ను వదలదు.

చివరికి తడపటం. ముందు గోనెపట్టాలు కప్పి, తర్వాత రోడ్డు మీద చిన్న చిన్న మట్టి గట్లు కట్టి కనీసం రెండు వారాలు నీళ్లు నిలుపుతారు. ఇక్కడ చలికాలం బాగా కలిసొస్తుంది. వానాకాలంలో వాగులు పొంగి పని సాగదు. ఏప్రిల్, మే నెలల్లో వడగాలి తడినంతా లాగేసి, పైపొర గంటల్లోనే బీటలిస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాంక్రీటు నెమ్మదిగా గట్టిపడుతుంది, నెమ్మదిగా గట్టిపడ్డది కడకు ఎక్కువ బలం పుంజుకుంటుంది. ఈ ప్రాంతంలో వరి కోతలు, జీలుగు కల్లు మొదలయ్యే రోజులవి. జనం దారుల్లో ఎక్కువగా కనపడే రోజులు కూడా.

ఇప్పుడు జీను మీదికి వద్దాం. డిసెంబరులో ఇక్కడ ఆరున్నరకు గాని పొద్దు పొడవదు, సాయంత్రం ఐదున్నరకే వాలిపోతుంది. పొద్దున్నే బయల్దేరే సైకిలు మొదటి గంట చీకట్లోనో మసక వెలుతురులోనో నడుస్తుంది. తారు రోడ్డు ఆ వెలుతురును మింగేస్తుంది. సిమెంటు రోడ్డు తెల్లగా తేలుతుంది. చెట్ల మధ్య నుంచి వచ్చే కాసింత ఆకాశపు వెలుగు చాలు, ముందు పది పన్నెండు పలకలు కనపడతాయి. వాటి మీద పడుకున్న ఆవు, విరిగిపడ్డ కొమ్మ, ఎదురొచ్చే మనిషి నల్లగా వేరుపడి కనిపిస్తారు. వీధి దీపం లేని అడవి దారికి ఇంతకన్నా మంచి దీపం ఎవరు పెట్టగలరు?

చలికి పలకలు చేసే పని ఇంకా చిత్రమైనది. రాత్రంతా పైభాగం చల్లబడి కుంచించుకుంటుంది, అడుగుభాగం నేల వెచ్చదనంతో అలాగే ఉంటుంది. ఎండలో పెట్టిన అప్పడంలా పలక అంచులు వెంట్రుకవాసి పైకి లేస్తాయి. కోతలు కూడా ఆ వేళలోనే అన్నిటికన్నా వెడల్పుగా తెరుచుకుంటాయి. అందుకే తెల్లవారుజామున ప్రతి కోత దగ్గరా చక్రం కింద టక్కుమని తగులుతుంది. మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు అవే పలకలు వెచ్చబడి, సాగి, దాదాపు మాట్లాడకుండా ఊరుకుంటాయి. బస్సులో కూర్చున్నవాడికి ఈ తేడా అందదు. రోజూ తొక్కేవాడికి ఈ శబ్దం రోడ్డు ఆరోగ్యం చెబుతుంది. టక్కుమనేది దబ్బుమని బోలుగా వినపడితే ఆ పలక కింద మట్టి కొట్టుకుపోయిందని అర్థం. ఆ చోటు గుర్తు పెట్టుకోవాలి, వచ్చే వానాకాలం అక్కడే గుంట పడుతుంది.

సైకిలు భద్రత సగం అంచు దగ్గర తేలుతుంది. ఎదురుగా బస్సో, బలగాల వాహనమో వస్తే సైకిలు పక్కకు దిగక తప్పదు. పలక అంచుకు సమంగా మొరం పోసి, దిమ్మిసతో కొట్టించి ఉంటే దిగటం ఎక్కటం ఒకే ఊపులో అయిపోతుంది. మొరం కొట్టుకుపోయి బెత్తెడు లోతు పడిందంటే దిగిన చక్రం మళ్లీ ఎక్కదు. అంచుకు సమాంతరంగా ఒరుసుకుని సైకిలు రోడ్డు మీదికే బోర్లా పడుతుంది. తెలిసినవాళ్లు వేగం తగ్గించి, హ్యాండిలు బాగా తిప్పి, అంచును అడ్డంగా ఎక్కిస్తారు. వెడల్పు రోడ్ల నడిమధ్య పొడుగునా పోయే గీత సంగతి కూడా అంతే. అడ్డంగా ఉన్న కోత వల్ల ప్రమాదం లేదు. పొడుగు గీత తెరుచుకుంటే సన్నటి చక్రాన్ని పట్టేస్తుంది. దానికి రెండు జానల దూరంలో తొక్కటం, దాటాల్సొస్తే ఏటవాలుగా కాక తెగువగా అడ్డం దాటటం ఇక్కడి పిల్లలకు కూడా అలవాటే.

ఇక్కడ ఎక్కువగా కనపడేది పాత తరహా బరువు సైకిలే. 28 అంగుళాల చక్రాలు, ఒకటిన్నర అంగుళం టైరు, ముందు చక్రానికి 32 చువ్వలు, వెనక చక్రానికి 40. బరువంతా వెనక పడుతుందని ఏనాడో తెలిసి చేసిన పంపకం అది. కడ్డీ బ్రేకులు రిమ్ము లోపలి వైపు పట్టుకుంటాయి, మంచుకు తడిస్తే మొదటి రెండు మూడు తిప్పుల దాకా పట్టు దొరకదు. అందుకే చలి పొద్దున బయల్దేరగానే నాలుగడుగులు పోయి ఒకసారి బ్రేకు నొక్కి రిమ్ము ఆరబెట్టుకునే అలవాటు మంచిది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం తొమ్మిదో తరగతికి వచ్చిన ఎస్సీ, ఎస్టీ, పేద కుటుంబాల అమ్మాయిలకు సరస్వతీ సైకిల్ యోజన కింద సైకిళ్లిస్తోంది. ఇరవై ఏళ్లు దాటిన పథకం. సైకిలిచ్చిన చాలా ఏళ్ల వరకు ఈ దిక్కున దాన్ని తొక్కే రోడ్డు లేదు. అమ్మాయి చేతికి సైకిలు అందటం ఎంత ముఖ్యమో, ఆ సైకిలు కింద జారనివ్వని గీతలు పడటం అంతే ముఖ్యమని నేను నమ్ముతాను.

క్షేమం అన్నానంటే పలక మీద ఉన్నంతవరకే. బస్తర్ అడవుల్లో కాలిబాటల మీద పాతిన ప్రెషర్ బాంబులకు ఇప్పపువ్వు ఏరుకునేవాళ్లు, పశువుల కాపర్లు బలయ్యారు. పొద్దున్నే రోడ్డు తెరిచే బలగాలు రెండు పక్కలా నడుస్తూ, కల్వర్టుల్లోకి తొంగి చూస్తూ, మొరం మీద కొత్త తవ్వుడు ఉందేమోనని వెతుకుతూ వెళ్తాయి. సిమెంటును తవ్వలేనివాడు పక్కనుంచి బొరియ చేసి దూరతాడేమోనని అంచుల మీద అంత కన్ను. ఆ కన్ను ఉన్నచోట అంచు మట్టి చెదరకుండా ఉంటుంది, సైకిలుకూ అదే కావాలి. ఈ రోడ్లు అందరూ చేతులు చాచి ఆహ్వానించినవి కూడా కావు. జగర్‌గుండ నుంచి బాసగూడ పోయే దారిలో, సిల్గేర్‌లో, 2021లో బలగాల శిబిరం పెట్టినందుకు ఊళ్లు కదిలి వచ్చాయి, మే 17న పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. రోడ్డు ఎవరిని అడిగి వేశారన్నది వాళ్ల ప్రశ్న. పలక ఎంత బాగా కుదిరినా ఆ ప్రశ్న చెరగదు, దాన్ని పక్కన పెట్టి మెచ్చుకోవటం నాకు ఇష్టం లేదు.

ఈ దృష్టితో హైదరాబాదును చూస్తే మనసు చివుక్కుమంటుంది. నగరానికి 2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి వచ్చింది. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన 16 మెగావాట్ల సౌర ఫలకాల కప్పు. ఎండా వానా తగలని ఆ కప్పు నిజంగా గొప్ప ఆలోచన. కాని ఆ దారి ఊరి అంచున తిరుగుతుంది, ఊరిని దాటించదు. మెహిదీపట్నంలో ఉండి గచ్చిబౌలిలో పనిచేసేవాడు జనవరి పొద్దున తన దారి తానే వెతుక్కోవాలి. అతను వెతకాల్సినవి ఇక్కడి సైకిలువాడు చూసేవే. మసకలో కనపడే రోడ్డు ఏది, అంచు సమంగా ఉన్నదెక్కడ, మురుగు జాలీ చువ్వలు చక్రం పోయే దిక్కునే ఉన్నాయా, ఫ్లైఓవరు జాయింటు ఎంత తెరుచుకుంది. దానికి తోడు చలికాలం నేలను అంటిన చల్లగాలిలో పొగ చిక్కుకుపోతుంది గనక, పెద్ద రోడ్డును వదిలి ఒక వరస లోపలి వీధి పట్టుకోవటం మేలు. దూరం కాస్త పెరుగుతుంది, ఊపిరితిత్తులు తెరిపిన పడతాయి.

ఇంకా చలి ముదిరిన చోట కూడా సంగతి ఇదే. ఫిన్‌లాండులో, ఆర్కిటిక్ వృత్తానికి కాస్త దిగువన ఔలు అనే నగరం ఉంది. చలికాలం సైకిళ్ల మీద అంతర్జాతీయ సభ మొట్టమొదట 2013లో అక్కడే జరిగింది. మంచు గడ్డకట్టే ఆ ఊళ్లో సైకిలు దారిని నేల కనపడేదాకా గీకరు. గట్టిపడ్డ మంచును పళ్లున్న బ్లేడుతో గీతలు పడేలా గరుకు చేసి, పైన సన్న కంకర చల్లుతారు. దోర్నపాల్ మేస్త్రీ చీపురుతో చేసిందీ అదే పని. ఒకరు మంచు మీద, ఒకరు సిమెంటు మీద, ఇద్దరూ సన్నటి టైరుకు పట్టు దొరికే గీత కోసమే చేతులు ఆడించారు.

జగర్‌గుండ రోడ్డుకు ఇక కావలసింది పోషణ. వానలు వెలిశాక, నవంబరు మొదట్లోనే, అంచు వెంట కొట్టుకుపోయిన మొరం నింపి పలకకు సమంగా దిమ్మిస కొట్టించాలి. అంచు చిట్లిన పలకలను ముక్క కోసి మళ్లీ పొయ్యాలి, పైన తారు పులమకూడదు. అలా పులిమితే తెల్లటి రోడ్డు మీద నల్లటి మచ్చలు మసకలో గుంటలతో కలిసిపోతాయి. ఏది అతుకో ఏది తవ్వుడో గుర్తుపట్టే వీలు కూడా పోతుంది. కోతల్లో ఇరుక్కున్న ఇసుకను ఊది శుభ్రం చేసి కొత్త పూడిక నింపటానికి కూడా చలికాలమే అదను. పలకలు కుంచించుకుని గీతలు తెరుచుకుని ఉంటాయి, పొద్దెక్కాక లోపల తడి ఉండదు.